సదుర్ని ప్లగ్గు పీకిన వారం

మొంసెల్ ఊళ్లో సదుర్ని కుదినాక్ పేరెత్తితే చాలు, వినేవాళ్ల మొహాలు అదోలా అయిపోతాయి. చెడ్డవాడని కాదు. చెడ్డవాడు కావడానికి కూడా మనిషిలో కొంత సరుకుండాలి. సదుర్నిలో ఉన్నదల్లా తను లేకపోతే ఊరు ఏమైపోతుందోనన్న బెంగ ఒక్కటే.

అతని ఇల్లు గుట్ట మీద ఉంటుంది. వాళ్ల తాత అక్కడ కట్టుకున్నది ముందుచూపుతో కాదు, కింద పల్లంలో మంచి నేల కొనే తాహతు లేక. గాలి వీస్తే పెంకులు లేచిపోయే ఆ ఇంటిని చూసి మూడు తరాలవాళ్లు జాలిపడ్డారు. తర్వాత కాలం మారింది. కప్పుల మీద యాంటెన్నాలు వెలిశాయి. యాంటెన్నాకి యాంటెన్నా కనబడితేగాని పని జరగదు కాబట్టి ఎత్తులో ఉన్న ఇంటికి ఎక్కడలేని విలువా వచ్చింది. సదుర్ని జీవితంలో సంపాదించుకున్న గొప్పతనమంతా ఇదే, తాతగారి పేదరికం.

అంతకుముందు ముప్పై ఏళ్లు సాసేజీల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. ఫ్యూజు పోతే పిలిచేవారు, వేశాక పొమ్మనేవారు. అక్కడ అతని మాట ఎవరూ వినలేదు. వినదగ్గ మాట అతనూ ఎప్పుడూ చెప్పలేదు.

అరవై గడపల కోసం ఈ పొగమంచు పల్లంలోకి ఇంటర్నెట్ తీగ లాగడం దండగని ఫోను కంపెనీవాళ్లు మొహమ్మీదే చెప్పేసినప్పుడు ఊరివాళ్లే పూనుకున్నారు. గంటస్తంభం మీద ఒక యాంటెన్నా, బడి మీద ఒకటి, నీళ్ల ట్యాంకు మీద ఒకటి, పందుల కొట్టాల మీద, ఇళ్ల పొగగొట్టాల పక్కన ఇంకొన్ని పెట్టుకున్నారు. ఇల్లంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి బిందెలందించుకున్నట్టు ప్రతి కప్పూ పక్క కప్పు నుంచి అందుకుని ఆవలి కప్పుకి అందిస్తుంది. దీనికి యజమాని లేడు. ఉన్న కట్టుబాటు ఒక్కటే. నీ కప్పు మీదుగా పోయే పక్కవాడి సరుకుని, అది కబురైనా బొమ్మైనా, నువ్వు ఆపకూడదు, విప్పి చూడకూడదు.

మొదలుపెట్టిన ఏడుగురిలో సదుర్ని ఒకడు, అదీ ఏడోవాడు. కానీ అతను చెప్పే కథలో ఏడాదికొకరు చొప్పున మిగతా ఆరుగురూ మాయమైపోయారు. నిజానికి కప్పులెక్కి పనిచేసింది ఎర్మీనియా. ఊరి చివర వెయ్యి పందులు పెంచే మనిషి. నలభై ఏడేళ్లొచ్చినా నిచ్చెన మీద పిల్లిలా నడుస్తుంది. ఆమె పైన తీగలు బిగిస్తుంటే సదుర్ని కింద నిలబడి "కొంచెం ఎడమకి" అనేవాడు. ఆమె కుడికి తిప్పి సరిచేసేది.

పదకొండు జేబుల పొట్టి కోటొకటి అతనికుంది. ఒక జేబులో తీగ చివర ప్లగ్గు బిగించే పటకారు, ఒక దాంట్లో టెస్టరు, ఇంకో దాంట్లో అట్టలా గట్టిగా ప్లాస్టిక్ వేయించిన ఊరి పటం ఉంటాయి. ఆ కోటు వేసుకునే చర్చికి వెళ్తాడు, చావులకీ అదే. చుట్టుపక్కల ఊళ్లలో సంత జరిగితే అక్కడో బల్ల వేసుకుని పటం పరిచి ఉపన్యాసం దంచుతాడు.

"దీంట్లో రాజు లేడు, మంత్రి లేడు. ఏ కప్పు పడిపోయినా మిగతావి రెప్పపాటులో వేరే దారి వెతుక్కుంటాయి. ఎవరు పోయినా నెట్‌వర్క్ పోదు."

తొమ్మిదేళ్లలో ఈ మాట వందసార్లు చెప్పుంటాడు. నేర్పితే చిలకా చెబుతుంది.

నెట్ రావడం లేదని ఎవరైనా ఫోను చేస్తే మాత్రం ఆ ఉపన్యాసంలో తియ్యదనం ఉండదు. "ముందు పింగ్ కొట్టావా?" అంటాడు. పింగ్ అంటే అవతలి ఇంట్లో యాంటెన్నాకి తగిలించిన పెట్టెని "ఉన్నావా?" అని కేకేయడం, అది "ఉన్నా" అని బదులు పలకడం, అంతే. దాన్ని తానొక్కడికే ఉపదేశమైన మంత్రంలా చెబుతాడు. పొద్దున్నే పాలు పితుకుతూ ఫోను చేసిన రైతుకి పింగేమిటో తెలియదు. అప్పుడు సదుర్ని అవతలికి వినబడేలా ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఫోను పెట్టేశాక భార్య రెమెయ్‌తో, "జలగలు! ఊరంతా జలగలే! తాగడం తప్ప తెలీదు వెధవలకి" అంటాడు. రెమెయ్ రొట్టెల కొట్లో పనిచేస్తుంది. తెల్లారుజామున లేచి ఊరికి రొట్టెలమ్మే ఆవిడ తన పనిని ఏనాడూ సేవ అనలేదు.

ఇలా ఉండగా ఆ సంవత్సరం సెప్టెంబరులో నెట్ మందగించింది. సినిమా బొమ్మలు నడుస్తూ నడుస్తూ నిలబడిపోయేవి. బడిలో పాఠం మధ్యలో ఆగేది. సదుర్ని ఇంటింటికీ తిరిగి కారణం చెప్పాడు. నడిపేవాడు లేక ఇలా తగలడిందట. శాశ్వతంగా ఒక అధికారి ఉండాలట. ఆ అధికారి ఎవరో చెప్పలేదుగాని కోటు జేబులు సవరించుకున్నాడు.

అసలు కారణం అతని అటకమీదే ఉంది. ఈ నెట్‌వర్క్‌లో ప్రతి పెట్టే పక్క పెట్టెలకి కబురు చెబుతుంది, నా మీదుగా పోతే బడి ఇంత దూరం, గంటస్తంభం అంత దూరం అని. పక్కవి ఆ మాట నమ్మి, దగ్గర దారి చూసుకుని సరుకు పంపుతాయి. నమ్మకం తప్ప దానికి వేరే ఆధారం లేదు. సదుర్ని తన పెట్టెకి అబద్ధం నేర్పాడు. ఎక్కడికైనా సరే, నా ఇంటి మీదుగా ఒక్కడుగే అని చెప్పమన్నాడు. పాపం మిగతా పెట్టెలు నమ్మాయి. ఊరి సరుకంతా గుట్టెక్కి సదుర్ని ఇంట్లో ఇరుక్కుని, ఈదుకుంటూ అవతలికి దిగేది. ఇంత పని ఎందుకు చేశాడయ్యా అంటే, కంప్యూటరులో కనబడే నెట్‌వర్క్ పటంలో ఎక్కువ సరుకు నడిచే గీత లావుగా కనిపిస్తుంది. ఊళ్లో గీతలన్నీ లావెక్కి తన ఇంటి దగ్గర కలుసుకోవడం చూసి అతను రోజూ మురిసిపోయేవాడు. ఆ బొమ్మ అచ్చేయించి వంటింట్లో కూడా అంటించాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి!

నవంబరు మొదటి ఆదివారం పాత బడి హాల్లో సాలుకోసారి జరిగే సభ పెట్టారు. సభకి ఎవరు పెద్దగా కూర్చోవాలన్నది ఆ ఊళ్లో ఎన్నిక కాదు, ఇంటి వంతు. గడప వెంట గడప తిరిగి వస్తుంది. ఆ ఏడు వంతు ఎర్మీనియా గడపకి వచ్చింది. పందుల మనిషి కుర్చీలో కూర్చోవడం చూసేసరికి సదుర్ని ఆగలేకపోయాడు.

లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "బండికి ఎద్దులుంటే చాలదు, తోలేవాడుండాలి. ఈ వంతులూ గింతులూ కట్టిపెట్టి ఒక్క మనిషికి అప్పజెప్పాలి. చేతకాని జనం నలభై మందికంటే తెలిసినవాడొక్కడు మేలు."

"మరి దీంట్లో రాజు లేడు, మంత్రి లేడు అని నువ్వేగా సదుర్నీ సంతలన్నీ తిరిగి చెప్తున్నావ్?" అంది ఎర్మీనియా.

"అది సంతలో చెప్పే మాట."

"సర్లే. నెట్ ఎందుకు ఈడుస్తోందో నేనూ కాస్త చూశా. చూపించమంటారా?" అని ఆమె ప్రొజెక్టరుతో గోడ మీద ఐదు వరసలు వేసి చూపించింది. దారిలో ఎక్కడెక్కడ ఆగావని సరుకునే అడిగి చెప్పే సాధనమొకటి ఉంది. దాంతో తన కొట్టం నుంచి బడికి చిన్న కబురు పంపి చూసింది. "మా కొట్టం నుంచి బడికి నాలుగొందల మీటర్లు. కిటికీలోంచి అరిస్తే పిల్లలకి వినబడుద్ది. ఈ కబురు చూడండి. మా కొట్టం, నీళ్ల ట్యాంకు, సదుర్ని ఇల్లు, రొట్టెల కొట్టు, అప్పుడు బడి. అగ్గిపెట్టె కోసం పక్కింటికని బయల్దేరి కొండెక్కి దిగొచ్చినట్టుంది. సదుర్ని పెట్టె మనందరికీ అన్నీ ఒక్కడుగు దూరమే అని చెప్తోంది. వేలు జారి ఏదో అంకె పడుంటుందిలే."

వెనక బెంచీలోంచి ఎవరో, "ఒక్కడుగేనా! అయితే పారిస్ పట్నం సదుర్నిగారి దొడ్లోనే ఉందన్నమాట. చెప్పకపోతివి, ఓసారి చూసొద్దుం!" అన్నారు. నవ్వులు కప్పుకి తగిలాయి.

చేతులెత్తమన్నారు. సదుర్ని మాట నెగ్గాలన్నవాళ్లవి రెండు చేతులు లేచాయి. ఒకటి అతనిది. రెండోది అతని బావమరిదిది. అతను ప్రశ్న సరిగా వినలేదు, పక్కవాడు మోచేత్తో పొడిచాక దించేశాడు. రెమెయ్ రెండు చేతులూ ఒళ్లో సంచీమీద పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

సభ అయ్యాక నిప్పుల మీద కాల్చిన బుతిఫర్రా సాసేజీలు, తెల్ల చిక్కుడు గింజలు అందరూ కలిసి తినడం ఆనవాయితీ. అన్నదమ్ములు కోర్టుకెక్కిన సంవత్సరం కూడా ఒకే బల్ల దగ్గర తిన్నారు. సదుర్ని తినకుండా వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, ఎవరైనా ఆపుతారేమోనని. అప్పటికే అతని వాటా సాసేజీ ఎవరో పంచుకుంటున్నారు.

ఇంటికొచ్చి, అటకెక్కి, పెట్టె ప్లగ్గు పీకేశాడు.

"ఇప్పుడు తెలిసొస్తుంది వాళ్లకి!" అంటూ మెట్లు దిగాడు.

"ఏం తెలిసొస్తుంది?" అంది రెమెయ్.

"నేనేంటో."

"అది నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఊరికి కొత్తగా తెలిసేదేముంది?"

అతను పట్టించుకోలేదు. ఫోను బల్ల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని, దాని ఎదురుగా కూర్చున్నాడు. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మకైనా పాపం కోడంటూ ఒకటుంది. వాళ్లు రావాలి, గుట్టెక్కి రావాలి, బతిమాలాలి. మూడుసార్లు కాదనాలి, నాలుగోసారికి ఒప్పుకోవాలి. ఎర్మీనియా వస్తే నాలుగు చాలదు, ఐదు. అతనికి కావలసింది ఇంతే. తను లేకపోతే ఒక్కరికైనా గడవదని ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి.

కింద ఏం జరిగిందంటే, అతని పెట్టె పలకడం మానేసిన అరనిమిషానికి మిగతా పెట్టెలు దాన్ని కొట్టేసి వేరే దార్లు చూసుకున్నాయి. అబద్ధాల పెట్టె అడ్డం తొలగడంతో సరుకు చక్కగా దగ్గర దారినే నడిచింది. సెప్టెంబరు నుంచి నత్తలా పాకుతున్న నెట్ ఆ మధ్యాహ్నం పరుగందుకుంది. ఊళ్లోవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. సదుర్ని సిగ్గుపడి ఆ అంకె సరిచేసినట్టున్నాడే, పరవాలేదు, ఎంతైనా మంచివాడే అని మెచ్చుకున్నారు కూడా. బతుకులో మొదటిసారి ఊరు అతన్ని మెచ్చుకుంది, అదీ అతను లేనందుకు.

సోమవారం పొద్దుటికి పొగమంచు దిగింది. ఆ పల్లంలో నవంబరు పొగమంచు అంటే గుమ్మంలో నిలబడితే వీధి కనబడదు. సదుర్ని కాఫీ తాగుతూ పటం ముందేసుకుని లెక్క చూసుకున్నాడు. అందరికీ రెండు మూడు దార్లున్నాయి. గుట్ట వెనక పల్లంలో ఉండే రొసాలియా ఒక్కతికే దారి లేదు. డెబ్బై తొమ్మిదేళ్ల ముసలామె, ఒంటరిది. ఆమె కప్పు నుంచి కనబడేది సదుర్ని పొగగొట్టం ఒక్కటే. రోజూ సాయంత్రం నాలుగింటికి పెర్పిన్యా పట్నంలో ఉన్న చెల్లెలితో తెరమీద పేకాడుతుంది. నెట్‌వర్క్‌కి చిటికెడు సాయం లేని శుద్ధ జలగ అని సదుర్ని ఆమెను ఎన్నోసార్లు తిట్టుకున్నాడు. ఇప్పుడు ఆ జలగ మీదే ఆశంతా పెట్టుకున్నాడు. నాలుగింటికి ఆట ఆగుతుంది, నాలుగుంబావుకి ఫోను మోగుతుంది.

మోగలేదు.

ముసలామె పేకాట పోయి ఏడుస్తూ కూర్చుందేమోనన్న ఆలోచన అతనికి రాలేదని కాదు. వచ్చింది. ఏడవనీ, ఏడిస్తేనే విలువ తెలుస్తుంది అనుకున్నాడు. ఈ ఒక్క మాటకి మాత్రం సదుర్నిని ఎవరూ క్షమించనక్కర్లేదు.

మంగళవారం పొగమంచులోంచి కేకలు వినిపించాయి. కప్పు మీద నుంచి ఎవరో, కింద నుంచి ఎవరో అరుచుకుంటున్నారు.

"ఎనభై ఒకటి!"

"ఇంకాస్త తిప్పు!"

"డెబ్బై నాలుగు! ఆగు, పోయింది. ఆఁ, అరవై ఆరు! బిగించెయ్!"

యాంటెన్నాని తిప్పుతూ అవతలి సంకేతం ఎంత బలంగా అందుతోందో చూసుకునే అంకెలవి. అంకె తగ్గేకొద్దీ మంచిది. అరవై ఆరంటే బంగారం. పొగమంచులో కన్నుతో పనిలేదు, ఆ అంకె చూసుకుంటూ బిగించుకోవచ్చు. ఇదంతా సదుర్ని సంతల్లో పదిమందికీ నేర్పిందే. కానీ చెవులు వినాలనుకున్నదే వింటాయి. అతనికి ఆ కేకల్లో వినబడింది జనం అవస్థ మాత్రమే.

"చూశావా, తన్నుకు చస్తున్నారు!" అని సంబరపడ్డాడు.

రెమెయ్ వంటింట్లో ఫోను చూసి నవ్వుకుంటోంది. అక్క కూతురు పంపిన వీడియో.

సదుర్ని అదిరిపడ్డాడు. "నీకెక్కణ్ణుంచి వస్తోంది నెట్?"

"పక్కింటివాళ్లది. అడిగితే ఇచ్చారు."

"నేనిక్కడ ఊరితో పంతం పట్టి కూర్చుంటే..."

"చెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోకపోతే కంపెవరికయ్యా? చెరువుకా?" అంది రెమెయ్, ఫోను మీంచి కళ్లు తిప్పకుండానే. "నీ కంపు నువ్వు భరించు. నన్ను కడుక్కోనీ."

బుధవారం కూడా ఫోను మోగలేదు. గురువారం ఆగలేక తనే కాఫీ, సారా దొరికే కొట్టుకి దిగాడు, మొహం చూపిస్తే ఎవరికైనా నోరు పెగులుతుందేమోనని. కొట్టువాడు అతన్ని చూసి ఎంతో జాలిగా కాఫీ పెట్టాడు.

"పెట్టె కాలిపోయిందటగా సదుర్నీ? కంప్యూటరు పటంలో నీ ఇల్లు ఎర్రగా కనబడుతోంది. ఒంట్లో కూడా బాలేదేమో, కుర్రోణ్ణి ఇబ్బంది పెట్టొద్దని ఎర్మీనియా అంది."

తనకంటే పదకొండేళ్లు చిన్నదైన మనిషి తనని కుర్రోణ్ణంది. సదుర్ని కాఫీ పక్కకి జరిపాడు. "మరి... మీకేం ఇబ్బంది లేదూ?"

"మాకేం ఇబ్బంది? రాకెట్‌లా ఉంది నెట్. నువ్వు తీరిగ్గా బాగు చేసుకో. తొందరేం లేదు."

తొందరేం లేదు. ఆ మాట గుట్టెక్కుతున్నంతసేపూ సదుర్ని చెవుల్లో తిరిగింది. ఛీ కొట్టినా బాగుండేది. కోపమొచ్చి రాళ్లేసినా సంతోషించేవాడు. ఇల్లు చేరి, అటకవైపు చూసి, మళ్లీ పంతం గుర్తుకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇంకా రొసాలియా ఉంది కదా. నాలుగు రోజులైంది. ముసలామెకి గుట్టెక్కే ఓపిక లేక రాలేదు గాని, ఆమెకి తనే దిక్కు. పటం అబద్ధం చెప్పదు.

శనివారం పదింటికి పొగమంచు విడిపోయింది. సదుర్ని కిటికీ దగ్గరికెళ్లి ఊరి మీద కన్నేశాడు. మొదట ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో తెలియలేదు. తర్వాత తెలిసింది. తొమ్మిదేళ్లుగా తన ఇంటివైపు తిరిగి ఉన్న యాంటెన్నా పళ్లేలు మూడూ ఇప్పుడు వీపులు చూపిస్తున్నాయి. నీళ్ల ట్యాంకు మీదిది, రొట్టెల కొట్టు మీదిది, ఆఖరికి పక్కింటివాళ్లది కూడా. అన్నీ ఊరి చివర ఎర్మీనియా పందుల దాణా పోసే రేకుల గాదె వైపు తిరిగున్నాయి. ఊళ్లో గంటస్తంభం తర్వాత ఎత్తైనది ఆ గాదే, దాని కొసన ఇప్పుడొక కొత్త గడా, గడ మీద యాంటెన్నా ఉన్నాయి. దాని మీద యాంటెన్నా పెడదామని ఎర్మీనియా ఐదేళ్ల క్రితమే అంది. పందుల దాణా మీద పెడితే నెట్‌వర్క్ పరువేం కావాలని అడ్డం పడ్డది సదుర్నే.

రెండేసి మెట్లెక్కి అటక చేరాడు. ప్లగ్గు పెట్టాడు. దీపం వెలిగింది. పెట్టె నలుదిక్కులా కేకేసింది, ఎవరూ పలకలేదు. పింగ్ కొట్టాడు. నీళ్ల ట్యాంకు పలకలేదు. రొట్టెల కొట్టు పలకలేదు. పక్కిల్లు, పిట్టగోడ అవతలి ఇల్లు, అదీ పలకలేదు. ఎవరో ఒకరు తమ పళ్లెం ఇటు తిప్పితేగాని ఆ పెట్టె పెట్టె కాదు, అటకమీద దీపం. ఊళ్లో ఒక్కరంటే ఒక్కరికి నెట్ తెగింది, అది సదుర్నికే.

రొసాలియా కూడా పలకలేదు. కానీ ముసలామె పాడైందనుకుని స్విచ్చి తీసేసి ఉంటుంది. ఆమె పళ్లేనికి తిరగడానికి వేరే దిక్కెక్కడుంది? సదుర్ని కోటు వేసుకున్నాడు, జేబులు తడుముకున్నాడు, వెనకవైపు కాలిబాటన పల్లంలోకి దిగాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. కోప్పడడు. పెద్దమనిషిలా, ఏం పరవాలేదు రొసాలియమ్మా, నేనున్నాగా అంటాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆ ఒక్క కంటి తడి చాలు, సోమవారం ఊళ్లోకి తలెత్తుకుని వెళ్తాడు.

తలుపు తీసే ఉంది. రొసాలియా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రొట్టెల డబ్బాకి ఆనించిన తెర ముందు పేకలు పట్టుకుని ఉంది. తెరలో ఆమె పోలికే ఉన్న ఇంకో ముసలామె.

"ఎవరూ, గుట్ట మీది సదుర్నా? రా నాయనా, కూర్చో. ఒక్క చెయ్యి ఆగు. శనివారం పొద్దున్నే మొదలెడతాం. ఇది దొంగాట ఆడుతోంది, చూపు తిప్పితే కొంప ముంచుద్ది."

సదుర్ని కూర్చోలేదు. "మీకు... నెట్ వస్తోందా?"

"రాకేం? ఆదివారం పోయింది. సోమవారమంతా పిచ్చెక్కిపోయిందనుకో. మంగళవారం ఎర్మీనియా వచ్చి ఏదో తిప్పింది. ఆ పొగమంచులో కప్పెక్కింది మహాతల్లి, జారుంటే ఏమయ్యేది? ఇప్పుడు వాళ్ల గాదె కొసన కొత్తగా నాటిన గడ కనబడుతోందట మా కప్పు నుంచి. అంతకుముందుకంటే బాగుంది కూడాను. మా చెల్లి మొహమ్మీద పులిపిరి కనబడుతోంది."

"నీ పులిపిరి సంగతేంటే?" అంది తెరలోంచి చెల్లెలు.

సదుర్ని కుర్చీ వీపు పట్టుకున్నాడు. "అంతకుముందు ఎక్కణ్ణుంచి వచ్చేదో తెలుసా రొసాలియమ్మా?"

"గంటస్తంభం నుంచి కదూ?"

"కాదు. మా ఇంటి మీంచి. తొమ్మిదేళ్లు. రోజూ మీ ఆట మా ఇంటి మీంచే పోయింది."

రొసాలియా పేకల మీంచి తలెత్తి అతనివైపు చూసింది. కాదనలేదు, వెక్కిరించనూ లేదు. పిల్లలు కల వచ్చిందని చెబితే వింటామే, అంత మర్యాదగా విన్నది.

"అలాగా నాయనా? మీ ఇంట్లో కూడా ఉందన్నమాట. ఇప్పుడు వస్తోందా నీకు?"

"లేదు" అన్నాడు సదుర్ని.

"అయ్యో! అదా సంగతి? దానికేనా ఇంత దూరం దిగొచ్చావ్? మొదటే చెప్పొచ్చుగా! ఎందుకు అంత మొహమాటం? ఎర్మీనియా ఏమీ అనుకోదు. ఎవరడిగినా పెడుతుంది, మంచి పిల్ల." ఆమె పేకలు బోర్లించి, తెరమీద వేలితో ఏదో నొక్కింది. "ఉండవే, ఒక్క నిమిషం. పాపం గుట్ట మీది సదుర్నికి నెట్ లేదట."

"రొసాలియమ్మా, వద్దు..."

"ఊరుకో. సిగ్గుపడితే పనులవుతాయా?"

చెల్లెలి పక్కన ఎర్మీనియా మొహం వెలిగింది. వెనక పందులు గుర్రుమంటున్నాయి. రొసాలియా గొంతు పెంచి విషయం చెప్పింది. సదుర్ని తెరకి కనబడకుండా గోడవైపు జరిగాడు. ఎర్మీనియా "ఊఁ, ఊఁ" అంటూ విన్నది. నవ్వు ఆపుకుంటోందో, లెక్క చూసుకుంటోందో అతనికి తెలియలేదు.

"సరే రొసాలియమ్మా. రేపు పదింటికి ఇద్దరం వస్తాం. ఆ పక్కింటి పళ్లెం మళ్లీ అటు తిప్పితే చాలు, అరగంట పని. పెట్టెలో అంకెలు మాత్రం నేనే చూసుకుంటా, ఆయన్ని ముట్టుకోవద్దనండి. ఆ టైముకి ఆయన ఇంట్లో ఉంటాడా?"

"ఉంటాడమ్మా, ఎక్కడికి పోతాడు?" అంది రొసాలియా అతన్ని అడక్కుండానే, పేకలు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.